కేబుల్ తీగ మీద ఇంటి ఫోను



ఈ రోజు మనం మాట్లాడుకోబోయే వస్తువు మీ ఇంట్లోనే ఏ మూలో ఉంటుంది, లేకపోతే ఒకప్పుడు ఉండి ఉంటుంది. అది ఇంటి ఫోను. అయితే టెలిఫోను శాఖవారు రాగి తీగ మీద ఇచ్చిన పాత ఫోను గురించి కాదు నేను చెప్పబోయేది. టీవీ కార్యక్రమాలు తెచ్చిపెట్టే కేబుల్ తీగ మీదనే ఫోను కూడా వస్తే ఆ ఇంటివాళ్ళ అనుభవం ఎలా ఉంటుంది, ఎందుకు అలా ఉంటుంది అన్నది మన విషయం. నేను ముప్పై ఏళ్ళకు పైగా కలకత్తాలో ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి. కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఆ ఊరివే చెబుతాను.

ఆ ఊరికి ఫోనుతో ఉన్న సంబంధం చాలా పాతది. 1882 జనవరి 28న మన దేశంలో మొదటి టెలిఫోను ఎక్స్ఛేంజీలు కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో ప్రారంభమయ్యాయి. కలకత్తాలోని ఎక్స్ఛేంజీని కౌన్సిల్ హౌస్ వీధిలో ఒక మేడ మూడో అంతస్తులో పెట్టారు. దానికి ఉన్న చందాదారులు 93 మంది. నడిపింది ప్రభుత్వం కాదు, ఓరియంటల్ టెలిఫోన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. ఇది గుర్తుంచుకోండి. ఫోను అంటే మొదటి నుంచీ సర్కారు సొత్తేనని మనలో చాలామంది అనుకుంటాం. అది తర్వాత వచ్చిన సంగతి.

సర్కారు చేతిలో ఉన్న రోజుల్లో ఫోను కోసం ఏళ్ళ తరబడి కాచుకున్నారు జనం. వచ్చిన ఫోను వానాకాలం రాగానే మూగపోయేది. కలకత్తా నేల మెత్తన, నీరు పైపైనే ఉంటుంది. భూమిలో పాతిన కేబుళ్ళలో తీగల చుట్టూ కాగితం చుట్టి, పైన సీసపు తొడుగు వేసేవారు. తొడుగుకు చిన్న చిల్లు పడితే చాలు, నీరు చేరి వందల ఇళ్ళ ఫోన్లు ఒకేసారి పోయేవి. 1980లలో కేంద్ర సమాచార శాఖ మంత్రిగా ఉన్న సి.ఎం. స్టీఫెన్, టెలిఫోను విలాసమే గాని హక్కు కాదనీ, నచ్చనివారు వాపసు చేయవచ్చనీ అన్నారని చాలామంది రాశారు. ఎవరు వాపసు చేస్తారు? ఒకరు వదిలితే వెనక వరుసలో వేలమంది ఉన్నారు గదా!

ఇక రెండో తీగ కథ. కలకత్తాలో దూరదర్శన్ 1975లో మొదలైంది. 1990ల్లో ఉపగ్రహ ఛానెళ్ళు వచ్చాక ప్రతి పేటలోనూ ఒక కుర్రాడు మేడ మీద డిష్ పెట్టి, పక్క మేడలకు తీగ లాగి, నెలకు ఇంత అని వసూలు చేయసాగాడు. దీన్ని అదుపులోకి తేవడానికి 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల చట్టం వచ్చింది. అదే ఏడాది జూలై 31న రైటర్స్ బిల్డింగ్ నుంచి ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మొదటి మొబైల్ ఫోను సంభాషణ చేశారు. చూడండి, ఒకే ఏడాదిలో కేబులు చట్టం, మొబైలు సంభాషణ. కానీ ఈ రెండింటినీ, ఇంటి ఫోనునూ కలిపి ఆలోచించినవారు మన దేశంలో అప్పుడు అరుదు.

అమెరికాలో ఆలోచించారు. అక్కడ కాక్స్ అనే కేబుల్ సంస్థ 1997లోనే కాలిఫోర్నియాలో కేబుల్ తీగ మీద ఇంటి ఫోను అమ్మడం మొదలుపెట్టింది. 2005 నాటికి కామ్‌కాస్ట్ కూడా దిగింది. టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ ఒకే బిల్లులో. మన దగ్గర ఆలస్యం కావడానికి కారణం సాంకేతికం కంటే చట్టమే ఎక్కువ. ఇంటర్నెట్ మీద మాట్లాడుకోవడానికి 2002 ఏప్రిల్ 1 నుంచి అనుమతి ఇచ్చారు గాని, దేశం లోపలి మామూలు ఫోన్లకు ఆ దారిలో కాల్ చేయనివ్వలేదు. ఆ అడ్డు 2018లో తొలగింది. ఫోను సేవ ఇవ్వాలంటే టెలికాం లైసెన్సు వేరే కావాలి. పేట కేబుల్ నడిపే మనిషికి అంత స్తోమత ఎక్కడిది?

కాబట్టి మన దేశంలో ఇది వేరే రూపంలో వచ్చింది. తీగ పేట మనిషిది, లైసెన్సు పెద్ద సంస్థది. 2017 డిసెంబర్ 27న వెలగపూడిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ఇటువంటిదే. నెలకు 149 రూపాయల మొదటి ప్యాకేజీలో టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి ఒకే పెట్టె ద్వారా ఇచ్చారు. ఊళ్ళ దాకా ఫైబర్ వచ్చింది కరెంటు స్తంభాల మీదుగా. ఇంటి గుమ్మం దాకా తెచ్చింది మాత్రం ఆ ఊరి కేబుల్ ఆపరేటరే. 2018లో రిలయన్స్ సంస్థ హాత్‌వే, డెన్ అనే పెద్ద కేబుల్ సంస్థల్లో అధిక వాటా కొంటున్నట్టు ప్రకటించి, 2019 సెప్టెంబర్‌లో జియో ఫైబర్‌ను ఇంటి ఫోనుతో సహా అమ్మకానికి పెట్టింది. బీఎస్ఎన్ఎల్ కూడా ఫైబర్ కనెక్షన్లు ఇచ్చేందుకు స్థానిక కేబుల్ ఆపరేటర్లతో ఆదాయం పంచుకునే పద్ధతి పెట్టింది.

ఇప్పుడు కొంచెం భౌతికశాస్త్రం చూద్దాం. ఇది అర్థమైతే తర్వాత చెప్పే కష్టాలు వాటంతట అవే అర్థమవుతాయి.

మీరు ఫోనులో మాట్లాడే మాట ఒక విద్యుత్ తరంగం. దాన్ని సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తారు. 8,000ను 8తో గుణిస్తే సెకనుకు 64,000 బిట్లు. సినిమా బొమ్మతో పోలిస్తే ఇది చాలా చిన్నది. మరైతే కేబుల్ తీగకు దీన్ని మోయడం ఎందుకు కష్టం? రెండు కారణాలు ఉన్నాయి.

ఒకటి, పాత కేబుల్ వ్యవస్థ ఒకే దిక్కుకు కట్టింది. అది చెట్టు లాంటిది: మొదట్లో కార్యాలయం, కొమ్మల చివర ఇళ్ళు. బొమ్మ మొదటి నుంచి చివరికి పోతుంది. మధ్యలో సంకేతం నీరసిస్తే బలం పెంచే యాంప్లిఫయర్లు కూడా ఆ దిక్కుకే తిప్పి ఉంటాయి. ఫోనుకు మాత్రం చివరి నుంచి మొదటికి కూడా మాట పోవాలి. దానికి తీగలో అడుగున ఒక ఇరుకు సందు కేటాయించారు. పేటలో ఏ ఇంట్లో ప్లగ్గు వదులైనా, మిక్సీ తిరిగినా, ఆ రొద అంతా ఆ సందులోకే చేరి మొదట్లో పోగవుతుంది. అందుకే కేబుల్ ఫోను పెట్టించుకున్న మొదటి తరంవారికి ఒక వింత అనుభవం ఉండేది. అవతలివాళ్ళ మాట వీళ్ళకు శుభ్రంగా వినబడేది. వీళ్ళ మాటే అవతలికి తెగిపోతూ చేరేది. తప్పు తమ ఫోనుది కాదు, అవతలివాళ్ళదే అనుకునేవారు పాపం. ఫైబర్ వచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది.

రెండోది ఆలస్యం. మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, సెకనుకు 50 పొట్లాలుగా పంపుతారు. సినిమా పొట్లం కాస్త ఆలస్యమైతే పెట్టె ముందే దాచుకున్న దానితో సర్దుకుంటుంది. మాటకు ఆ వెసులుబాటు లేదు. ఒక వైపు ప్రయాణం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే బాగుంటుందని అంతర్జాతీయ టెలికాం సంఘం ప్రమాణం. అది దాటుతున్నకొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగటం మొదలవుతుంది. అందుకే మంచి సంస్థలు మాట పొట్లాలకు ముందు దారి ఇస్తాయి, అంబులెన్సుకు ఇచ్చినట్టు. ఆ ఏర్పాటు లేని చోట పక్క గదిలో అబ్బాయి సినిమా దించుకుంటూ ఉంటే హాల్లో నాన్నగారి ఫోను నత్తిగా పలుకుతుంది.

ఇక అన్నిటికంటే పెద్ద తేడా కరెంటుది. దీనిమీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను.

పాత రాగి తీగ మాటనే కాదు, కరెంటునూ తెచ్చేది. ఎక్స్ఛేంజీలో పెద్ద బ్యాటరీల వరుస ఉంటుంది. అక్కడి నుంచి 48 వోల్టులు తీగ మీదుగా మీ ఇంటికి వస్తాయి. మీ ఇంట్లో కరెంటు పోయినా ఫోను పలికేది ఇందువల్లనే. గాజుకు, అంటే ఫైబర్‌కు, కరెంటును మోసే గుణం లేదు. కాబట్టి ఫైబర్ చివర ఉన్న పెట్టెకు మీ ఇంటి ప్లగ్గు నుంచే కరెంటు కావాలి. ఇంట్లో కరెంటు పోతే పెట్టె ఆరిపోతుంది, దానితోపాటు ఫోనూ పోతుంది.

మా మేడలో కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేవారు. రిటైరైన ఉపాధ్యాయురాలు, ఒంటరి. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. మేమంతా ఆవిడను 'మాసీమా' అనేవాళ్ళం. మనం పిన్నిగారు అన్నట్టు. ఆవిడ నన్ను 'మాస్టర్‌మశాయ్' అనేవారు. 2019 చివరలో పేట కేబుల్ కుర్రాడు వచ్చి, టీవీ, ఇంటర్నెట్, ఫోను అన్నీ కలిపి పాత ఫోను అద్దె కంటే చౌకలో ఇస్తానన్నాడు. ఆవిడ పాత ఫోను వాపసు చేసి అది పెట్టించుకున్నారు. మొదటి కష్టం వెంటనే వచ్చింది. నంబరు మారిపోయింది. నంబరు మార్చుకోకుండా సంస్థ మార్చుకునే సదుపాయం మొబైలుకు 2011లో దేశమంతా వచ్చింది గాని, ఆవిడ ల్యాండ్‌లైనుకు అది వర్తించలేదు. ఇరవై ఏళ్ళుగా చుట్టాలకు, పాత శిష్యులకు కంఠస్థమైన నంబరు అది. రెండో కష్టం, ఆవిడ దగ్గరున్న డయలు తిప్పే నల్ల ఫోను కొత్త పెట్టెకు పనిచేయలేదు. డయలు తిప్పినప్పుడు పుట్టే తెంపు సంకేతాలను ఇలాంటి పెట్టెలు చాలావరకు గుర్తించవు. బటన్ల ఫోను కొనుక్కోవలసి వచ్చింది. ఇవి చిన్నవే. మాట మాత్రం స్పష్టంగా ఉంది, బెంగళూరుకు ఎంతసేపు మాట్లాడినా బిల్లు పెరగదు. ఆవిడ సంతోషంగానే ఉన్నారు.

2020 మే 20 సాయంత్రం ఆంఫాన్ తుఫాను కలకత్తా మీదికి వచ్చింది. ఆ రాత్రి నగరంలో వేల చెట్లు కూలాయి. చెట్లతోపాటు కరెంటు తీగలు, స్తంభాల మీద వేలాడే కేబుళ్ళు తెగిపడ్డాయి. చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు, జనం రోడ్ల మీదికి వచ్చి నిరసన చెప్పారు. అప్పటికే కరోనా లాక్‌డౌన్, ఎవరూ ఎవరింటికీ పోలేని కాలం. మాసీమా ఇంటి కిటికీ అద్దం పగిలి చేతికి గాయమైంది. ఫోను తీస్తే టోను లేదు. మొబైలు ఛార్జింగు రాత్రికే అయిపోయింది. తెల్లవారి నేను కిందికి దిగేదాకా ఆవిడ చేతికి చీర చెంగు చుట్టుకుని అలాగే కూర్చున్నారు. గాయం పెద్దది కాదు. కానీ ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: "మాస్టర్‌మశాయ్, కరెంటు పోతే ఇది పలకదని ఆ అబ్బాయి చెప్పలేదే?"

నిజమే, చెప్పలేదు. అతను మోసం చేశాడని నేను అనను. అతనికే తెలిసి ఉండకపోవచ్చు. టీవీ తీగ వేసి పెరిగినవాడు. కరెంటు పోతే టీవీ ఎలాగూ రాదు, దాన్ని గురించి ఎవరికి చెప్పాలి? ఫోను విషయంలో మనుషుల ఆశ వేరు. ఎదుటి మేడలో రాగి తీగ ఫోను ఉంచుకున్న ఒకాయనకు ఆ రాత్రంతా టోను వచ్చింది. ఆయన తీగ భూమిలో ఉంది మరి. అయితే ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. అదే ఆయన ఫోను అంతకుముందు వానాకాలంలో మూడు వారాలు పడుకుంది. గాలికి ఒకటి పోతుంది, నీటికి ఇంకొకటి. మన తీర ప్రాంతపు విద్యార్థులకు ఇది కొత్త కాదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్‌కు విశాఖపట్నం, 2018 అక్టోబర్‌లో తిత్లీకి శ్రీకాకుళం జిల్లా ఎలా మూగబోయాయో మీ పెద్దలను అడగండి.

ఇతర దేశాల్లో దీనికి ఏం చేశారు? అమెరికాలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2015లో ఒక నియమం చేసింది. ఇలాంటి ఫోను ఇచ్చే సంస్థ, కనీసం 8 గంటలు నడిచే బ్యాటరీ కొనుక్కునే వీలును చందాదారుకు చూపించాలనీ, కరెంటు పోతే ఏమవుతుందో ముందే చెప్పాలనీ అందులో ఉండేది. అంతకుముందే 2005లో ఇంకొక ఆదేశం ఇచ్చింది. ఇంటర్నెట్ ఫోను పెట్టెను ఒక ఇంటి నుంచి తీసి ఇంకొక ఇంట్లో పెట్టుకున్నా అదే నంబరు పనిచేస్తుంది. అప్పుడు అత్యవసర నంబరుకు ఫోను చేస్తే అంబులెన్సు పాత ఇంటికి పోతుంది! కాబట్టి ఇంటి చిరునామాను అత్యవసర కేంద్రానికి అందేలా చూడమని సంస్థలను ఆదేశించారు.

మన ఇళ్ళల్లో చేయగల పని ఒకటుంది, మీరే లెక్కవేసి చూడండి. ఫైబర్ పెట్టె సుమారుగా 10 వాట్లు తీసుకుంటుంది అనుకుందాం. బజారులో దొరికే చిన్న బ్యాటరీ పెట్టె 30 వాట్-గంటలదైతే మూడు గంటలు వస్తుంది. మాసీమాకు నేను కొనిచ్చింది అటువంటిదే. తుఫానుకు అది చాలదు, మామూలు కరెంటు కోతకు చాలు.

ఇక మిగిలింది ఫిర్యాదు సంగతి. ఇది నా సొంత అనుభవం. 2021 పూజల సమయంలో ఎత్తైన దుర్గ విగ్రహాన్ని ఎక్కించుకుని పోతున్న లారీకి మా వీధిలో అడ్డంగా వేలాడుతున్న కేబుల్ తగిలి తెగింది. మా ఇంటి ఫోను తొమ్మిది రోజులు లేదు. పేట ఆపరేటరును అడిగితే, "దాదా, అది కంపెనీవాళ్ళు చూడాలి, నా చేతుల్లో లేదు" అన్నాడు. కంపెనీకి ఫోను చేస్తే, "మీ స్థానిక భాగస్వామిని సంప్రదించండి" అని మర్యాదగా చెప్పారు. అటు పొమ్మంటే ఇటు, ఇటు పొమ్మంటే అటు. నెలాఖరుకు బిల్లు మాత్రం పూర్తిగా వచ్చింది.

కేబుల్ ఫోను పెట్టించుకున్నవాళ్ళు ఎక్కడైనా ఎక్కువగా చెప్పే కష్టం ఇదే. పాత ఫోనుకు యజమాని ఒక్కడే, తిట్టినా మొక్కినా ఆయన్నే. దీనికి ఇద్దరు. అయితే చట్టం దృష్టిలో ఇద్దరు లేరు. లైసెన్సు ఎవరి పేర ఉందో, బిల్లు మీద ఎవరి పేరు ఉందో వాళ్ళే జవాబుదారు. తీగ ఎవరు లాగారన్నది వాళ్ళ ఇంటి గొడవ. ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు చేయగానే సంస్థ ఒక డాకెట్ నంబరు ఇవ్వాలి. తృప్తి లేకపోతే ఆ సంస్థలోనే అప్పీలు అధికారి ఉంటాడు. ల్యాండ్‌లైను మరమ్మతు ఆలస్యమైతే అద్దెలో తగ్గింపు ఇవ్వాలని అంతకుముందే 2009 నిబంధనల్లో ఉండేది. మూడు రోజులు దాటి ఏడు రోజుల్లోపు బాగుచేస్తే ఏడు రోజుల అద్దె, ఏడు దాటి పదిహేను రోజుల్లోపు అయితే పదిహేను రోజుల అద్దె, అదీ దాటితే నెల అద్దె. నా తొమ్మిది రోజులకు రావలసింది పదిహేను రోజులది.

నేను మొదట్లో చేసిన పొరపాటు ఏమిటంటే, మూడుసార్లు ఫోను చేసి కూడా డాకెట్ నంబరు రాసుకోలేదు. నాలుగోసారి రాసుకున్నాను. వాళ్ళ లెక్కలో నా ఫోను పోయింది ఆ రోజునే!

కోర్టుల సంగతి కూడా తెలుసుకోండి, న్యాయశాస్త్రం చదవబోయేవారికి పనికివస్తుంది. 2009లో సుప్రీంకోర్టు, టెలిఫోను తగవులు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలి గాని వినియోగదారుల ఫోరాలకు వెళ్ళకూడదని తీర్పు చెప్పింది. దాంతో ఎన్నో ఫిర్యాదులు గుమ్మంలోనే ఆగిపోయాయి. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు ఒక మొబైల్ సంస్థ కేసులో, వినియోగదారుడు ఫోరానికి వెళ్ళవచ్చని స్పష్టం చేసింది. పన్నెండేళ్ళకు పైగా పట్టింది ఆ తలుపు తెరుచుకోవడానికి.

నేను అంతదూరం పోలేదు. డాకెట్ నంబరు, పాత మూడు కాల్స్ తేదీలు మొబైలులో ఉన్నవి చూసి రాసి అప్పీలు అధికారికి ఉత్తరం పంపాను. మరుసటి నెల బిల్లులో ఏ వివరణా లేకుండా ఒక చిన్న తీసివేత కనిపించింది. లెక్కవేస్తే ఏడు రోజుల అద్దె. మళ్ళీ రాశాను. ఆ పై నెలలో మిగిలిన ఎనిమిది రోజులదీ వచ్చింది. మాసీమా తన బిల్లు కూడా తెచ్చి నా ముందు పెట్టారు. ఆవిడ ఫోనూ ఆ తొమ్మిది రోజులు లేదు. ఈసారి ఉత్తరం ఆవిడ స్వయంగా రాశారు, మంచి దస్తూరీ, బెంగాలీలో. తీసివేత మొదటి నెలలోనే వచ్చింది, పూర్తిగా పదిహేను రోజులది.